ఉల్లి వేరు స్లైడ్‌లో చలనదశను చదవడం ఎలా

డిగ్రీ పిల్లలతో ఉల్లి వేరు ప్రాక్టికల్ చేయించేటప్పుడు నేను ఎక్కువసేపు చలనదశ (అనాఫేజ్, అంటే కణ విభజనలో క్రోమోజోములు విడిపోయే దశ) దగ్గరే ఆగుతాను. క్రోమోజోములను విడదీసే ప్రోటీన్ల గుంపే డీఎన్ఏ మళ్లీ కాపీ కావడానికీ దారి తెరుస్తుంది. దశల పేర్లు మాత్రం రాసి రికార్డు మూసేస్తే ఇది తెలియదు.

ముందు స్లైడ్ సంగతి. ఉల్లిపాయకున్న ఎండు వేళ్లు గీసేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా గ్లాసు మీద పెట్టండి. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. ఉదయం పూట కోసి, మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచండి. తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు మెత్తబరచి, నీటితో కడిగి, చివరి 2 మిల్లీమీటర్లు మాత్రమే తీసుకోండి. విభజన చురుగ్గా జరిగేది అక్కడే. ఎసిటోకార్మిన్ రంగు పట్టాక కవర్‌స్లిప్ వేసి, ఫిల్టర్ పేపర్ మీద నుంచి బొటనవేలితో నిటారుగా నొక్కండి. కవర్‌స్లిప్ పక్కకు జరిగితే కణాలు నలిగిపోతాయి. ఆమ్లాలతో పని కాబట్టి గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

స్లైడ్‌లో చాలా కణాలు రెండు విభజనల మధ్య ఉండే అంతర్దశలోనే ఉంటాయి, టెన్షన్ పడకండి. ఓపికగా మధ్యస్థదశ వెతకండి. 16 క్రోమోజోములు నడిమధ్యకు చేరి ఉంటాయి. ఒక్కోదానిలోని రెండు క్రోమాటిడ్‌లను, అంటే కాపీ అయిన జంట పోగులను, కొహెసిన్ అనే ప్రోటీన్ గాజులా చుట్టి పట్టుకుంటుంది. ఒక్క క్రోమోజోము, వాటిని లాగే కండె పోగులకు సరిగ్గా అతుక్కోకపోయినా మ్యాడ్2 వంటి ప్రోటీన్లు మొత్తం పనిని ఆపేస్తాయి. కండె పోగులను ఏర్పడనివ్వని కొల్చిసిన్ పెట్టిన వేళ్లలో మధ్యస్థదశ కణాలు గుట్టగా కనిపించేది ఇందుకే. అది విషం, లెక్చరరే వాడాలి.

అన్నీ అతుక్కున్నాక ఏపీసీ అనే ప్రోటీన్ల సముదాయం సెక్యూరిన్ అనే ప్రోటీన్‌కు, దాన్ని నాశనం చేయాలని చెప్పే యుబిక్విటిన్ గుర్తు వేస్తుంది. సెక్యూరిన్ నాశనమవగానే, అంతవరకు దాని అదుపులో ఉన్న సెపరేజ్ అనే ఎంజైము విడుదలై కొహెసిన్‌ను కోసేస్తుంది. మీరు చూసే చలనదశ ఇదే. క్రోమాటిడ్‌లన్నీ దాదాపు ఒకేసారి విడిపోతాయి.

ఏపీసీ అక్కడితో ఆగదు, సైక్లిన్ బి అనే ప్రోటీన్‌నూ నాశనం చేయిస్తుంది. సైక్లిన్‌ను 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో కనిపెట్టిన టిమ్ హంట్‌కు 2001లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. సైక్లిన్ పోతే, దాని తోడుతో కణ విభజనను నడిపే సీడీకే ఎంజైముల జోరు తగ్గుతుంది. అప్పుడే ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 అనే ప్రోటీన్లు కలిసి డీఎన్ఏ మీద దాని పోగులను విప్పే ఎంసీఎం ప్రోటీన్ వలయాలను ఎక్కించగలవు. కాపీ మొదలవ్వాల్సిన చోట్లు ఇలా సిద్ధమవుతాయి. మన కణాల్లో సీడీటీ1ను అడ్డుకునే జెమినిన్ అనే ప్రోటీన్‌నూ ఏపీసీయే తొలగిస్తుంది. తర్వాత సీడీకే జోరు మళ్లీ పెరిగితే ఆ వలయాలు పని మొదలుపెడతాయి గానీ, కొత్తవి ఎక్కలేవు. ఒక్కో కణచక్రంలో డీఎన్ఏ ఒక్కసారే కాపీ అయ్యేది అందుకే.

ఎసిటోకార్మిన్‌లో ఈ వలయాలేవీ కనిపించవు. అందుకే చలనదశ బొమ్మ పక్కన సెక్యూరిన్, కొహెసిన్, సైక్లిన్ బి పోయాయని, అంత్యదశ పక్కన ఎంసీఎం ఎక్కడం మొదలైందని రాయమంటాను.