కళింగపట్నం ముందు రాత్రికి లంగరు వేయాలంటే

మన శ్రీకాకుళం తీరానికి చాటు లేదు. బారువ నుంచి కళింగపట్నం దాకా ఇసుక తీరమే. అందుకే తెరచాప పడవలో వచ్చి రాత్రి సముద్రం మీదే పడుకోవాలనుకుంటే జనవరి నుంచి మార్చి లోపు రమ్మంటాను. అక్టోబరు, నవంబరు వద్దే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటల్ని ఏం చేసిందో చూసినవాళ్లం.

వంశధార మొగలోకి దూరకండి. అక్కడ ఇసుకమేట మీద కెరటం విరుగుతుంది, మేట కూడా ఒకచోట ఉండదు. బాగా బయటే ఆగండి. ఆ రాత్రి వలలు ఎక్కడ వేస్తున్నారో ఊళ్లో పడవలవాళ్లను ముందే అడగండి, వాళ్ల దారికి అడ్డం రాకూడదు. వెలుగుండగానే పని అయిపోవాలి.

తాడుకు కట్టిన బరువు గుండును నీళ్లలో వేసి చూస్తే లోతు మూడు బారలు, అంటే అయిదున్నర మీటర్లు వచ్చిందనుకోండి. పోటుకు మీటరున్నర, పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలపండి. మొత్తం ఎనిమిది. దానికి ఏడింతలు, యాభై ఆరు మీటర్ల మోకు (లంగరు తాడు) వదలాలి. అంతా గొలుసే అయితే అయిదింతలు చాలు. "ఇంత మోకెందుకు మావయ్యా?" అంటాడు మా మేనల్లుడు. మోకు పొట్టిదైతే లంగరును పైకి లాగుతుంది, పొడుగుదైతే నేల వెంబడి లాగుతుంది. నేల వెంబడి లాగితేనే లంగరు ఇసుకలో దిగుతుంది.

లంగరును విసరకండి, మెల్లగా దించండి. తర్వాత ఇంజను రివర్స్‌లో పెట్టి మోకు మీద చెయ్యి వేయండి. వణుకుతుంటే లంగరు జారుతోంది, బిగిసి కదలకుండా ఉంటే పట్టింది. మర్చంట్ నేవీలో లంగరు దగ్గర పనిచేసినవాణ్ని, ఇప్పటికీ పరికరాల కంటే నా అరచేతినే నమ్ముతాను.

పొద్దు గుంకాక సముద్రపు గాలి పడిపోతుంది. పడవ కెరటానికి అడ్డం తిరిగి ఊగుతుంది, అన్నం గిన్నె కూడా నిలవదు. అప్పుడు వెనకవైపు నుంచి ఇంకో తాడు తెచ్చి లంగరు మోకుకు కట్టి, ముక్కు కెరటానికి ఎదురయ్యేదాకా లాగండి. ఊపు చాలావరకు తగ్గుతుంది. స్టవ్ వెలిగించి చేపల పులుసు పెట్టుకోండి ఇక.

అన్ని వైపులకూ కనిపించే తెల్ల దీపం తెల్లవార్లూ వెలగాలి. మిగతా దీపాలు ఆర్పేయండి, ఒడ్డు మీదికి టార్చి వేయకండి. ఆ నెలల్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి, వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. ఇది నా ప్రార్థన అనుకోండి.

పడుకునే ముందు లైట్‌హౌస్ కోణం, ఒడ్డున కదలని ఇంకో దీపం కోణం దిక్సూచితో చూసి రాసుకోండి. అర్ధరాత్రి దాటాక నేల గాలి లేస్తుంది, పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. కోణాలు కొద్దిగా మారితే టెన్షన్ పడనక్కర్లేదు. ఒకే వైపు మారుతూ పోతుంటే మాత్రం లంగరు జారుతున్నట్టే. మోకు ఇంకో ఇరవై మీటర్లు వదలండి. అయినా ఆగకపోతే చీకటైనా సరే, లంగరు ఎత్తి సముద్రం లోపలికి వెళ్లిపోండి. అందుకే ఆ రాత్రంతా తాళం ఇంజనులోనే ఉంచాలి.