పికప్ ఇవ్వగానే ఆగిపోయే బ్రష్ కట్టర్‌ను బాగు చేసుకోవడం ఎలా?

గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది, గుడుగుడుమంటూ నడుస్తుంది, యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం చతికిలబడుతుంది. వెంటనే స్క్రూడ్రైవర్ అందుకుని కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) స్క్రూలు తిప్పేయడం మనలో చాలామందికి అలవాటు. నేనూ అలాగే ఒక పూటంతా తిప్పాను. తీరా చూస్తే తప్పు ట్యాంకు మూతలో ఉంది! అందుకే పెట్రోలు నడిచే దారినే పట్టుకుని ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. స్క్రూల జోలికి ఆఖరున వెళ్లండి.

పని ఆరుబయట, ఇంజను చల్లారాక, నిప్పుకు దూరంగా చేయాలి. ముందుగా స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి పక్కకు పెట్టండి, ఇంజను నడిపి చూడాల్సినప్పుడే తిరిగి తగిలించండి.

1. ట్యాంకులోని పెట్రోలును గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు చేరినట్టే. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, తేమ మితిమీరితే నీటితో కలిసి కిందికి దిగిపోతుంది. పెట్రోలు ఫిల్టర్ ఉండేది కూడా ఆ అడుగునే. పోయిన సీజనులో మిగిలిన పెట్రోలుకు ఘాటు పోయి వార్నిష్ వాసన వస్తుంటే దాని మీద ఆశ వదులుకోండి. టూ స్ట్రోక్ ఇంజను (పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేది) అయితే లీటరు పెట్రోలుకు ఎంత ఆయిల్ అన్నది మాన్యువల్‌లో చూడండి: 25:1 అంటే 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. కంటి అంచనాతో పోయకండి.

2. అయిదారు నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతోందా? ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి వెళ్లి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. నా తిప్పలన్నీ దీనివల్లే.

3. కొక్కెంలా వంచిన తీగతో ట్యాంకులోంచి ఫిల్టర్‌ను పైకి లాగండి. నల్లబడి ఉంటే మార్చేయండి, ఖరీదు తక్కువే. రబ్బరు పైపును వంచి చూడండి. గట్టిపడి పగుళ్లిస్తే అక్కడి నుంచే గాలి చొరబడుతుంది. కార్బొరేటర్ దగ్గరి రబ్బరు బుడగను పదిసార్లు నొక్కినా గాలి బుడగలు ఆగకపోతే అదే కారణం.

4. గాలి ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించండి. దుమ్ము పట్టిన ఫిల్టర్ ఊపిరి ఆడనివ్వదు. సైలెన్సర్ లోపలి జాలీకి మసి పేరుకున్నా ఇంజను వేగం అందుకోదు.

5. యాక్సిలరేటర్ నొక్కుతూ కార్బొరేటర్ వైపు చూడండి. కేబుల్ లాగినప్పుడు అది తగిలించి ఉన్న చక్రం పూర్తిగా తిరగాలి, వదలగానే వెనక్కి రావాలి. కేబుల్ సాగి ఉంటే సర్దుబాటు నట్టు బిగించండి, తుప్పు పట్టి ఇరుక్కుంటే మార్చండి.

6. ప్లగ్ ఊడదీసి చూస్తే సగం విషయం అదే చెబుతుంది. తడిగా, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పొడిగా ఉంటే అందడం లేదు. చోక్ (కార్బొరేటర్‌లోకి గాలి వెళ్లే దారిని మూసే మీట) సగం మూస్తేనే నడుస్తోందంటే పెట్రోలు తక్కువ వస్తోందని దాదాపు ఖాయం.

ఇంతవరకూ అన్నీ బాగుంటే అప్పుడు కార్బొరేటర్ విప్పండి. లోపల వేలి గోరంత జల్లెడ ఒకటి ఉంటుంది. జిగురు పట్టి మూసుకుపోయేది తరచూ అదే. పలుచని డయాఫ్రం పొర గట్టిపడి ఉంటే కిట్ కొని మార్చాలి. రంధ్రాల్లో తీగ గుచ్చకండి, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి.

స్క్రూలు తిప్పాల్సి వస్తే ముందు ఫోటో తీసుకుని, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. హై స్పీడ్ స్క్రూను (వేగంగా తిరిగేటప్పుడు పెట్రోలు ఎంత వెళ్లాలో సర్దేది) మరీ బిగిస్తే టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా అందక పిస్టన్ పట్టేస్తుంది.

అన్నీ బిగించాక బ్లేడును నేలకు తగలకుండా పట్టుకుని స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు బ్లేడు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడ్లింగ్ స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పటి వేగాన్ని సర్దేది) కాస్త వదులు చేసి, బ్లేడు ఆగాకే గడ్డిలోకి దిగండి.