పాత డబుల్ బేస్ కొనడానికి వెళ్తుంటే టార్చ్ పట్టుకెళ్ళండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా కొత్తగా డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్‌లాంటి వాయిద్యం) నేర్చుకుంటూ పాతది కొందామనుకుంటే ముందు చికాగోలో ‘కే’ (Kay) అనే కంపెనీ చేసిన ప్లైవుడ్ బేస్‌లు చూడండి, 1937 నుంచి 60ల దాకా చేశారు, గట్టివి. త్రీ ఫోర్త్ సైజు అని ఉంటే పిల్లలది అనుకోకండి, పెద్దవాళ్ళు మామూలుగా వాయించేది అదే.

గీతలు, రంగు పోవడం అసలు పట్టించుకోవద్దు. నెక్ (తీగల కింద ఉండే పొడవాటి మెడ) వచ్చి బాడీలో కలిసే చోట వెనకవైపు మడమలా ఉంటుంది కదా, అక్కడ గోటితో తడిమి చూడండి, సన్న పగులు తగిలినా సరే వదిలేయండి, ఎందుకంటే నాలుగు తీగల లాగుడంతా పడేది అక్కడే, దాని రిపేరుకి బోలెడు డబ్బు పోతుంది. తర్వాత అంచుల వెంబడి వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్ళండి, ఎక్కడైనా గరగరమంటే జిగురు ఊడిందని అర్థం, అది చిన్న పనే, భయపడక్కర్లేదు.

ఎఫ్ ఆకారం కన్నంలోంచి టార్చ్ వేస్తే లోపల నిలువుగా సౌండ్‌పోస్ట్ అనే కర్ర కనపడాలి. అది పడిపోయుంటే తీగలు బిగించి వాయించి చూపిస్తామన్నా ఒప్పుకోకండి, పై చెక్క కుంగిపోతుంది! బేరమాడేటప్పుడు కొత్త తీగలు, సెటప్ (వాయించడానికి వీలుగా సరిచేయించడం) ఖర్చు కూడా లెక్కేసుకోండి.