దసరా సెలవుల్లో సొంత చరిత్రతో బేస్‌బాల్ లీగ్ మొదలెట్టే ముందు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు అవుట్ ఆఫ్ ద పార్క్ (బేస్‌బాల్ లీగ్‌ను నడిపించే కంప్యూటర్ గేమ్) ఆడేవాళ్లకు లీగ్ పెట్టడానికి తీరిక దొరికేది ఇప్పుడే. మొదటి సీజన్ నడిపే ముందు ఇవి చూసుకోండి.

• జట్ల తరలింపు, విస్తరణ అసలు చరిత్ర ప్రకారం జరిగే ఆప్షన్ ఆపేయండి. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. డాడ్జర్స్ జట్టు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లోనే ఉండిపోయే కథ మీరు అల్లుకుంటే, 1958 రాగానే ఆట వాళ్లను లాస్ ఏంజెలెస్ పంపేస్తుంది. అప్పటిదాకా నడిపిన సీజన్లన్నీ వృథా.

• ఆటగాళ్ల రేటింగులను ఏటా అసలు గణాంకాలతో సరిచేసే రీకాల్క్ కూడా వద్దు. ఎవరు ఎప్పుడు వెలుగుతారో ముందే తెలిసిపోతుంది.

• 8 జట్లకు 154 మ్యాచ్‌లు. ఏడుగురు ప్రత్యర్థులతో 22 చొప్పున సరిగ్గా సరిపోతాయి. 162 కావాలంటే 10 జట్లు పెట్టండి, 18 చొప్పున వస్తాయి.

• 1969లో పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి దించారు. మీ కథలో దించకపోతే లీగ్ సగటులను 1968 దగ్గరే ఆపండి. లేకపోతే కారణం లేకుండానే పరుగులు పెరుగుతాయి.

• అక్టోబరు తుఫాను గాలికి కరెంటు పోతుంది. సీజన్ నడుస్తుండగా మధ్యలో పోతే సేవ్ ఫైల్ పాడైపోవచ్చు. పదేసి సీజన్లకోసారి లీగ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.