కోసిన పొలంలో పడక మాటు: బాతులకు కనబడకుండా ఫొటో తీయడానికి

పంట కాపలాకు మంచె కట్టడం మనకు తెలుసు. పడుకుని దాక్కోవడానికి కట్టే ఈ పడక మాటు దానికి పూర్తిగా తలకిందుల వ్యవహారం. మంచె ఎంత ఎత్తుంటే అంత మేలు, ఈ మాటు ఎంత నేలకు అంటుకుంటే అంత మేలు. అమెరికాలో, కెనడాలో మక్క చేన్లు కోశాక వేటగాళ్లు ఇలాంటి దాంట్లో వెల్లకిలా పడుకుని, బాతులు తల మీదికి రాగానే లేచి కూర్చుని కాలుస్తారు. మన దగ్గర ఆ ముచ్చటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతును కొట్టడం, పట్టడం, వల వేయడం అన్నీ నేరాలే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా కెమెరా కోసం. కెమెరా వాళ్లు బోర్లా పడుకోవాలి. అందుకే విదేశీ నమూనాను ఉన్నదున్నట్టు దించితే పనికిరాదు. దానికి తలుపులు పైన ఉంటాయి, మనకు కిటికీ ముందర కావాలి.

ముందు చోటు సంగతి. పాఖాల, లక్నవరం లాంటి పెద్ద చెరువుల చుట్టూ అడవి ఉంది. అక్కడ చెట్టు చాటు దొరుకుతుంది, పడక మాటుతో పని తక్కువ. పైగా పాఖాల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ పాతకూడదు. ఈ మాటు పనికొచ్చేది చాటన్నదే లేని చోట: నీళ్లు వెనక్కి పోయి బయటపడ్డ శిఖం భూములు, ఆయకట్టు కింద కోసిన వరి పొలాలు, శ్రీరాంసాగర్ వెనకజలాల పక్కన గడ్డి మైదానాలు. కాలం నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరి దాకా. వానాకాలం వరి కోత అయ్యాక, యాసంగి నాట్లకు ముందు పొలం ఖాళీగా ఉండే కొన్ని వారాలు అన్నింటికన్నా మంచివి. వానల్లో ఇక్కడి బాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి, అప్పుడు వాటి జోలికి పోవద్దు.

బాతులు చాలావరకు రాత్రి మేస్తాయి. ఈల బాతులు పొద్దుగూకినాక చెరువు నుంచి లేచి పొలాల్లో దిగి, రాలిన వడ్లు ఏరుకుని పొద్దెక్కేలోపు మళ్లీ నీళ్లకు చేరతాయి. హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు కూడా రాత్రి చేన్లలో మేసి, పగలు నీటి అంచున కునుకు తీస్తాయి. కాబట్టి మాటు ఎక్కడ వేయాలో మీరు అనుకుంటే కాదు, అవి చెప్పాలి. ముందురోజు సాయంత్రం చెరువు కట్ట మీద నిలబడి ఏ మడిలో దిగుతున్నాయో చూడండి. మర్నాడు పొద్దెక్కాక ఆ మడికి పోయి రెట్టలు, ఈకలు, బురదలో తెడ్డు కాళ్ల అచ్చులు వెతకండి. ఇవేవీ లేని చోట ఎంత మంచి మాటు వేసినా కొంగలే దొరుకుతాయి.

ఇక సామాను. వెదురు బద్దలు, గోనె సంచులు, సుత్లీ, దబ్బనం. అంతే. ఆన్‌లైన్‌లో దొరికే పాలిస్టర్ ఆకుపచ్చ వలలు కొనొద్దు. కోసిన పొలం గడ్డిరంగులో ఉంటుంది, అందులో ఆకుపచ్చ కుప్ప దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా పాలిస్టర్ ఎండకు మెరుస్తుంది, కదిలితే గలగలమంటుంది. గ్రీన్ నెట్‌దీ అదే తంటా. యూరియా బస్తాల తెల్ల ప్లాస్టిక్ గురించి చెప్పనే అక్కర్లేదు.

గోనెలు 50 కిలోల వడ్ల సంచులు, ఆరు. బార్దాన్ అమ్మే దుకాణాల్లో పాతవి అడగండి. కొత్తవి బంగారు రంగులో నిగనిగలాడతాయి, వాడినవి మట్టిరంగుకు వచ్చి ఉంటాయి. ఈ సంచి 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు. కుట్లు విప్పి పరిస్తే 94కు 114 గుడ్డ వస్తుంది. ఉతకాలంటే ఉత్త నీళ్లతోనే. సబ్బు పొడుల్లో బట్టను తెల్లగా చూపే రసాయనం ఉంటుంది, అది మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని పట్టి నీలి వెలుగుగా వదులుతుంది, దాంతో బట్ట మెరుస్తుంది. ఆ మెరుపు బాతు కంట పడుతుంది. వేసుకునే చొక్కాకూ ఇదే లెక్క.

బద్దలు మూడు: 180, 170, 95 సెంటీమీటర్లు. వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు చాలు. వెన్నుకు ఇంకొకటి, 110 సెంటీమీటర్లు. మేదరి వాళ్లతో పచ్చి వెదురు చీల్పించుకుంటే వంపు తిరుగుతుంది. ఎండినదైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టండి, లేకుంటే నడుమ ఫట్‌మని విరుగుతుంది. వంచేటప్పుడు నున్నటి పచ్చ పెచ్చు బయటి వైపు ఉండాలి. వెదురు దొరక్కపోతే కరెంటు పనికి వాడే 20 ఎం.ఎం. పీవీసీ పైపు తీసుకోవచ్చు. కానీ అది నిటారు కావాలని గింజుకుని నేల నుంచి ఊడి వస్తుంది. 8 ఎం.ఎం. ఇనుప చువ్వను అడుగు ముక్కలుగా కోసి, సగం నేలలో కొట్టి, మిగతా సగానికి పైపు తొడిగితే నిలుస్తుంది.

పొడవైన బద్దను ముందు కమానుగా పాతండి. రెండు కొసలూ 20 సెంటీమీటర్ల చొప్పున నేలలోకి దిగాలి. అప్పుడు వెడల్పు 80, ఎత్తు 50 వస్తుంది. దాని వెనక 100 సెంటీమీటర్ల దూరంలో రెండోది, 75 వెడల్పు, 45 ఎత్తు. రెండింటి నెత్తినా వెన్ను బద్దను సుత్లీతో గట్టిగా కట్టండి. ఇనుప తీగతో కట్టొద్దు. చేతులు గీరుకుంటాయి, పొలంలో పడిపోయిన ముక్క రేపు నాటేవాళ్ల కాలికి గుచ్చుకుంటుంది. మూడో బద్దను నేలలో పాతరు. దాన్ని 60 వెడల్పు, 30 ఎత్తు వచ్చేలా వంచి, కొసలకు సుత్లీ బిగించి, వెనక గోనెకే కుట్టేయాలి. ఎందుకంటే మూడూ పాతితే లోపలికి దూరడానికి దారి ఉండదు. ఈ పొరపాటు మాటు కట్టాకగానీ తెలియదు.

విప్పిన గోనెలు రెండింటిని 114 అంచున కలిపి కుడితే 188 వెడల్పు, 114 పొడవు దుప్పటి అవుతుంది. ఇలాంటివి రెండు కావాలి. ఒకటి ముందు రెండు కమానుల మీద, కుట్టు వెన్ను మీదుగా వచ్చేలా పరవండి. రెండు పక్కలా 20 సెంటీమీటర్ల అంచు నేల మీద పడుతుంది, దాని పని తర్వాత. రెండో దుప్పటి కాళ్ల వైపు. దాని ముందు అంచుకు సుత్లీ కట్టి, వెనక అంచు మడిచి సంచిలా కుట్టి మట్టిగడ్డలు నింపండి, బరువుకు లేవదు. దాన్ని వెనక్కి తిరగేసి, నడిమి కమాను కిందుగా పాక్కుంటూ లోపలికి పోయి, సుత్లీ లాగితే బొంత కప్పుకున్నట్టు కాళ్ల మీదికి వస్తుంది. ముందు దుప్పటి మీద ఒక జానెడు ఎక్కాలి. ఐదున్నర అడుగులు దాటిన మనిషికి పాదాల దగ్గర చాలదు, ఐదో గోనెలో సగం అతికించండి. వెనక చివర తెరిచి ఉంచొద్దు. అటు నుంచి వెలుతురు వస్తే మీ తల నీడబొమ్మలా కనిపిస్తుంది.

ఆరో గోనె ముందు ముఖానికి. నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున మొదలై 35 దగ్గర ఆగేలా, 40 వెడల్పు కిటికీ కోయండి. దానికి లోపలి నుంచి నల్ల దోమతెర ముక్క కుట్టి, నడుమ లెన్స్ పట్టే చిల్లు పెట్టి, పాత చొక్కా చేతిని అక్కడ తొడుగులా అతికించండి. లెన్స్ తిప్పినా సందు పడదు. ట్రైపాడ్ ఈ ఎత్తులో అడ్డమే. పాత జీన్స్ కాలు కోసి, రెండు కిలోల మక్కలు పోసి కుట్టిన దిండు మీద లెన్స్ పెట్టండి. ఊక వేస్తే అణిగిపోతుంది, చప్పుడూ చేస్తుంది.

ఇప్పుడు అసలు పని, గడ్డి తొడగడం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నిలబడి ముందు నుంచి చూస్తూ ముఖాన్నే సింగారిస్తారు. కానీ బాతు దిగే ముందు ఒకటి రెండు చుట్లు తిరిగి పైనుంచి చూస్తుంది. దానికి కనిపించేది కప్పూ, కప్పు పక్కన పడే నీడా. అందుకని గోనె మీద 20 సెంటీమీటర్లకో వరుస, వరుసలో 15కో ముడి చొప్పున సుత్లీ ఉచ్చులు కుట్టండి. మొత్తం 90 దాకా అవుతాయి, ఒక పూట పని. ఒక్కో ఉచ్చులో బొటనవేలంత మందం గడ్డి దూర్చాలి. వెన్ను మీద, భుజాల మీద దట్టంగా, ముఖం మీద పల్చగా. పక్కలకు వదిలిన 20 సెంటీమీటర్ల అంచు మీద మట్టిగడ్డలు, గడ్డి వాలుగా పరిచి నేలలో కలిపేయండి. గోనె నిటారుగా నేలను తాకితే పొద్దుటి ఏటవాలు ఎండలో పక్కన నల్లటి గీతలా నీడ పడుతుంది. పక్షికి మాటు కన్నా ముందు కనబడేది ఆ గీతే.

గడ్డి ఆ పొలానిదే కావాలి. గడ్డివాము లోపలి నుంచి లాగింది పసుపుపచ్చగా ఉంటుంది, మంచుకు తడిసి నెల రోజులు పొలంలో పడి ఉన్నది బూడిదరంగుకు తిరుగుతుంది. రెండూ కలిస్తే అతుకు వేసినట్టే. హార్వెస్టర్ కోసిన పొలంలో కొయ్యకాళ్లు మోకాలి కిందిదాకా ఉంటాయి, అక్కడ కొంత గడ్డిని నిలువుగా గుచ్చండి. కొడవలితో కోసిన చోట కొయ్యలు బెత్తెడే. అలాంటి మడి నడుమ ఏం చేసినా దిబ్బలాగే కనిపిస్తుంది, ఒడ్డుకు ఆనించి వేయడమే దారి. శిఖంలో అయితే వరిగడ్డి అసలు వద్దు, అక్కడున్న తుంగ, లొట్టపీసు కొమ్మలు వాడండి. ఇంకో లాభం, లొట్టపీసును బర్రెలు ముట్టవు. వరిగడ్డి మాటును మాత్రం ఒక పగలు వదిలేస్తే సాయంత్రానికి ఉత్త గోనెలే మిగలొచ్చు.

గడ్డి దూర్చేముందు గోనెకు మట్టి పూయడం మరవొద్దు. రెండు పాళ్ల చెరువు మట్టిలో ఒక పాలు నీళ్లు కలిపి చీపురుతో పూసి, ఎండాక దులపండి. అంతా అయ్యాక ముప్పై మీటర్ల దూరం నుంచి, వీలైతే కట్ట మీది నుంచి, ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. రంగు పోతే ఆకారం బయటపడుతుంది. పెట్టెలా కనిపిస్తే ఆ అంచున ఇంకా గడ్డి కావాలి.

నేల తవ్వుకుంటే ఎత్తు తగ్గుతుంది, రైతు ఒప్పుకుంటే 10 సెంటీమీటర్లు గీకండి. ముందు మడమంత గుంట తీసి పది నిమిషాలు ఆగండి. నీళ్లు ఊరితే తవ్వకం మానుకోండి, రేగడిలో పడుకున్నవాడు పొద్దెక్కేసరికి మడుగులో ఉంటాడు. అడుగున జానెడు గడ్డి, దాని మీద టార్పాలిన్, దాని మీద పాత బొంత. టార్పాలిన్ పైకి తేలితే ప్రతి కదలికకూ చప్పుడే.

దిక్కుకు వాస్తు మాటలే సరిపోతాయి. ఈ నెలల్లో పొద్దు ఆగ్నేయం వైపు పొడుస్తుంది, కనుక కాళ్లు ఆగ్నేయానికి, కిటికీ వాయవ్యానికి. చలికాలం గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి మీకు పక్క నుంచి, కుడివైపు ముఖంతో కనిపిస్తాయి. అవి దిగే చోటుకు 30 మీటర్ల దూరం సరిపోతుంది. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాకు 500 ఎం.ఎం. లెన్స్ పెడితే అంత దూరాన ఫ్రేములో 1.3 నుంచి 1.4 మీటర్ల వెడల్పు పడుతుంది, అర మీటరు బాతుకు చుట్టూ చోటుంటుంది. మాటును రెండు రోజుల ముందే వేసి ఉంచితే పక్షులు అలవాటు పడతాయి. జనవరిలో పొద్దు 6:40 ప్రాంతంలో పొడుస్తుంది, మీరు 5:15కే లోపల ఉండాలి.

చీకట్లో పొలంలోకి పోవడమే ఈ పనిలో నిజమైన ప్రమాదం. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగుతారు, దానికి మనుషులూ చచ్చిపోతున్నారు. పగలు ఒకసారి నడిచి చూసిన దారినే రాత్రి నడవాలి. ఆ రైతునూ, పక్క రైతులనూ పేరుపేరునా అడిగి తెలుసుకోవాలి. గడ్డిలో రక్తపింజర ఉంటుంది. లోపలికి పోయేముందు టార్చి వేసి, కర్రతో బొంత ఎత్తి దులపాలి, చేయి పెట్టి కాదు. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం మాని 108కు ఫోన్ చేసి కదలకుండా ఉండాలి. మూడోది ట్రాక్టరు. మాటు బాగా కుదిరిందంటే డ్రైవరుకూ కనబడదు. ఆ రోజు ఆ మడిలో దున్నకం లేదని తేల్చుకోండి, మాటు వెనక పది అడుగుల్లో ఎర్రగుడ్డ కట్టిన కర్ర గుచ్చండి. దూరంగా ఒంటరి కర్రను బాతులు ఒక రోజులో పట్టించుకోవడం మానేస్తాయి.

లోపల ఉన్నాక కెమెరా సైలెంట్ షట్టర్‌లో పెట్టుకోండి, చేతులకు గ్లవుజులు వేసుకోండి. గింజలు చల్లి పిలవడం, ఫోన్‌లో కూతలు వినిపించడం చేయొద్దు. అలా వచ్చిన పక్షి మేత మానుకుని వచ్చినట్టే. తొమ్మిదిన్నర దాటాక నేల నుంచి వేడిగాలి లేచి ఫొటో అలలు కొడుతుంది, లెన్స్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. కానీ ఎదురుగా గుంపు ఉండగా లేవొద్దు. లేస్తే అది ఆ మడికి మళ్లీ రాకపోవచ్చు. తోటి మనిషిని రోజూ రైతు వచ్చే దారిలో మామూలుగా నడిచి రమ్మనండి. అలవాటైన మనిషికి పక్షులు మెల్లగా పక్కకు జరుగుతాయి, అప్పుడు బయటికి రండి.

విప్పేటప్పుడు గుంట పూడ్చండి, గోనెలు రెండు రోజులు ఎండబెట్టి మడవండి, తడిగా మడిస్తే పుచ్చిపోతాయి. గడ్డి అక్కడే వదిలేయొచ్చు. సుత్లీ ముక్కలు మాత్రం ఒక్కటీ వదలకుండా ఏరండి, గడ్డితోపాటు బర్రెల కడుపులోకి పోతాయి.