‘వాజ్ హ్యాపెన్డ్’ అని ఎందుకు రాయకూడదు

ఇంగ్లీషులో వాజ్, వర్ ఎక్కడ చేర్చాలో తేలక చేసే తప్పుల్లో చాలావాటికి మూలం ఒకటే: క్రియకు కర్మ (ఆబ్జెక్ట్) ఉందో లేదో చూసుకోకపోవడం. కర్తరి వాక్యం (యాక్టివ్ వాయిస్)లోని కర్మ ముందుకొచ్చి కర్త చోట కూర్చుంటేనే, వాజ్, వర్ లాంటివి చేరే కర్మణి వాక్యం (పాసివ్ వాయిస్) తయారవుతుంది. కర్మే లేనప్పుడు ముందుకు రావడానికి ఏమీ ఉండదు. అందుకే ‘యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్’ అంటే చాలు, వాజ్ పెడితే తప్పు. అక్కర్, అరైవ్, డై, డిజపియర్, ఎగ్జిస్ట్ కూడా ఇలాంటివే. ‘కన్సిస్ట్స్ ఆఫ్’ అనాలిగానీ ‘ఈజ్ కన్సిస్టెడ్ ఆఫ్’ అనకూడదు.

వాక్యం రాసేముందు క్రియను ‘దేన్ని?’, ‘ఎవర్ని?’ అని అడగండి. బ్రేక్: దేన్ని? కిటికీని. జవాబు దొరికింది కాబట్టి ‘ద విండో వాజ్ బ్రోకెన్’ కుదురుతుంది.

అయితే ఈ ప్రశ్న తెలుగు మాటను కాదు, ఇంగ్లీషు క్రియను అడగాలి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. మనం ‘సమస్య గురించి చర్చించాం’ అంటాం కదా అని ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాసేస్తారు. డిస్కస్ తన కర్మను నేరుగా తీసుకుంటుంది: ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’. ‘పుట్టాను’ విషయంలో దీనికి తలకిందులు. తెలుగులో అది అకర్మకమే, అంటే కర్మ లేని క్రియే; ఇంగ్లీషులో మాత్రం ‘ఐ వాజ్ బార్న్’ అనే తీరాలి. అనుమానం వస్తే, నేర్చుకునేవాళ్ల కోసం తయారైన నిఘంటువు తెరవండి. చాలావాటిలో సకర్మకానికి ‘టి’, అకర్మకానికి ‘ఐ’ గుర్తు ఉంటుంది. రెండూ కనిపిస్తే మీకు కావలసిన అర్థం దగ్గర ఏది ఉందో చూడండి.

తెరవడం, తెరుచుకోవడం రెంటికీ ఇంగ్లీషులో ఓపెన్ ఒక్కటే. ‘ద డోర్ ఓపెన్డ్’ అంటే తలుపు తెరుచుకుంది. ‘వాజ్ ఓపెన్డ్’ అంటే ఎవరో తెరిచారు. రెండూ సరైనవే. పెరగడానికి, పెంచడానికి మాత్రం వేర్వేరు క్రియలున్నాయి: ‘ప్రైసెస్ రోజ్’, ‘ప్రైసెస్ వర్ రెయిజ్డ్’.

‘ఐ వాజ్ టోల్డ్’ ఒప్పు, ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ తప్పు. టెల్‌కు మనిషి కర్మ కాగలడు, ఎక్స్‌ప్లెయిన్‌కు చెప్పిన విషయమే కర్మ. కాబట్టి ‘ద రూల్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి’ అనాలి.

కర్మ ఉన్నంత మాత్రాన ప్రతి క్రియా తిరగబడదు. ‘హి రిజెంబుల్స్ హిజ్ ఫాదర్’లో ఉన్నది పోలికే తప్ప, ఒకరు మరొకరికి చేసిన పని కాదు. కాబట్టి దాన్ని కర్మణిలోకి మార్చలేం. ల్యాక్, కలిగి ఉండటమనే అర్థంలో హ్యావ్ కూడా అంతే.