పెరట్లో టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) కోర్టు వేసే ముందు జాగ్రత్తలు

• తవ్వకం మొదలుపెట్టే ముందే నేల కింద నీటి పైపులు, కరెంటు కేబుళ్లు ఎక్కడున్నాయో చూసి గుర్తులు పెట్టుకోండి.

• అసలు పనంతా అడుగునే ఉంది. పైన ఎంత ఖరీదైన టర్ఫ్ పరిచినా, కింద కంకర సరిగా దిమ్మిస కొట్టకపోతే కొన్నాళ్లకే గుంటలు పడతాయి, బంతి ఎటు ఎగురుతుందో తెలీదు. కంకరను పలుచటి పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి అణచాలి. నీళ్లు జారిపోవడానికి వాలు మీటరుకు 1 సెంటీమీటరు చాలు, కానీ ఇంటి గోడ వైపు వద్దు. అనుమానముంటే రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి.

• రోల్స్ ముందే విప్పి కొన్ని గంటలు పరిచి ఉంచితే ముడతలు సర్దుకుంటాయి. అన్ని ముక్కల పోచలూ ఒకే వైపు వాలాలి.

• చాలామంది పట్టించుకోనిది: కిటికీ అద్దాలకు తగిలి తిరిగి దాని మీద పడే ఎండకు టర్ఫ్ కరిగిపోవచ్చు.

• కోసేటప్పుడు గ్లవ్స్ మరవద్దు.